రత్నమ్మ చెప్పిన అయిదుగురు

పిడుగురాళ్ల దాటాక రోడ్డు దిగి లోపలికి వెళితే, సున్నపురాయి తవ్వి తవ్వి వదిలేసిన పాత క్వారీ ఒకటుంది. దాని యజమాని చెన్నకేశవరావు కుర్రతనంలో బైకు పందాల పిచ్చితో ఊళ్లు పట్టి తిరిగిన మనిషి. రాయి అయిపోయాక ఆ గోతిని పూడ్చి ప్లాట్లు వెయ్యమని చుట్టాలంతా పోరుపెట్టినా ఆయన వినలేదు. మట్టి తోలించి, దిబ్బలూ మలుపులూ కట్టించి, మోటోక్రాస్ ట్రాక్ చేయించాడు. ఏటా ఫిబ్రవరిలో అక్కడ అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. పోటీకి వచ్చేవాళ్లలో ఇదే వృత్తిగా బతికేవాళ్లు ఎవరూ ఉండరు. పొద్దున్నే వచ్చి గంటో గంటన్నరో ప్రాక్టీసు చేసుకుని, ఒంటిమీద దుమ్ము దులుపుకుని, డ్యూటీలకు పరుగెత్తేవాళ్లే అందరూ.

వాళ్లకు తిండి పెట్టేది శేషారత్నం. క్వారీ గట్టు మీద, రేకు షెడ్డు కింద ఆమె టిఫిన్ బండి. భర్త కోటయ్య ఆ పక్కనే క్రషర్‌లో లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తాడు. పొద్దున పచ్చడి రుబ్బిపెట్టి, నాలుగు దోసెలు తిని, తొమ్మిదింటికి కాటా దగ్గరికి వెళ్లిపోతాడు. రైడర్లందరికీ ఆమె రత్నమ్మే. మూడేళ్లుగా పెనం ముందు నిలబడి వాళ్లను చూస్తూనే ఉంది. చూడటం అంటే, సగం చూడటం, సగం వినటం. దోసె తిరగేసేటప్పుడు ట్రాక్ వైపు వీపు పెట్టి నిలబడ్డా, ఏ బండి ఎక్కడుందో మోత బట్టి చెప్పేస్తుంది.

నరసరావుపేట నుంచి వచ్చిన ప్రత్యూష అనే అమ్మాయి ఆ సంగతి కనిపెట్టింది. డిగ్రీ అయిపోయాక ఆ పిల్ల 'దుమ్ము దుమారం' అని ఒక యూట్యూబ్ ఛానెల్ పెట్టుకుంది. ఛాంపియన్‌షిప్‌కి నెల రోజులుందనగా, ఈసారి గెలిచేదెవరో చెప్పమని రైడర్లనీ మెకానిక్కులనీ అడుగుతూ వీడియోలు తీస్తోంది. అందరూ ఎవరి పేరు వాళ్లే చెప్పుకుంటుంటే విసుగెత్తి, ఒకరోజు దోసె తింటూ రత్నమ్మ వైపు ఫోను తిప్పింది.

"ఆంటీ, మీరు చెప్పండి. ఈ ఏడు మొదటి అయిదుగురూ ఎవరు?"

"నాకేం తెలుసమ్మా? దోసెలేసుకునేదాన్ని," అంటూనే రత్నమ్మ కొంగు సర్దుకుంది. అడిగినందుకు లోపల సంతోషంగానే ఉంది. అట్లకాడ పక్కన పెట్టి వేళ్లు మడిచింది.

"నాగార్జున ఒకడు. మీ పేటబ్బాయే, మిరప కొట్టోళ్ల పిల్లోడు. పోయినేడు ఖరీదు బండిని నమ్ముకున్నాడు, ఈయేడు కాళ్లని నమ్ముకున్నాడు. చివరి రౌండు దాకా సీటు మీద కూలబడకుండా నిలబడే తోలతన్నాడు చూడు. ఫస్టు వాడే. రెండు, మాచర్ల ఇన్నయ్య మాస్టారు. బళ్లో ఆటలు నేర్పే సారు. నలభై దాటినయ్యని నవ్వుతారు గానీ, రోజూ బండెక్కకముందు ట్రాకంతా నడిచొస్తాడు. రాయి కనపడితే తీసి పక్కనేస్తాడు. మూడు, గురజాల ఆసుపత్రిలో నర్సమ్మ, జెస్సీ. ఆ పిల్ల పడితే ఏడవదు, నవ్వదు. ఎందుకు పడ్డానా అని అక్కడే నిలబడి చూసుకుంటది. ఒకసారి పడ్డ చోట ఇంకోసారి పడటం నేను చూళ్లేదు. నాలుగూ అయిదూ ఆ మిర్యాలగూడ అన్నదమ్ములు. ఒకడు ముందుంటే రెండోవాడికి నిద్రపట్టదు. ఆ కసికే ఇద్దరూ ముందుంటారు."

ప్రత్యూష నోట్లో దోసె అలాగే ఉండిపోయింది. "మరి తేజ? పోయినేడు మూడో ప్లేసు గదా. వాణ్ణి వదిలేశారేంది?"

రత్నమ్మ ఆలోచించకుండా అనేసింది. "వాడికి బల్ల దగ్గర భయం పట్టుకుంది. రేజ్ వదిలేస్తాడు. ఇంక గెలవడు."

బల్ల అంటే ట్రాక్ నడుమ ఉన్న పెద్ద దిబ్బ. రైడర్లు దాన్ని టేబుల్‌టాప్ అనేవాళ్లు. రత్నమ్మ బల్ల అన్నాక అందరికీ అదే అలవాటైంది. ఎక్కడానికి ఒక ఏటవాలు, పైన నలభై అడుగుల చదును, దిగడానికి ఇంకో ఏటవాలు. ఈ అంచున లేచినవాడు చదునంతా గాల్లోనే దాటి అవతలి వాలు మీద దిగాలి. క్రషర్‌కి టిప్పరు తోలే తేజ పోయిన మే నెలలో అక్కడే పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. అక్టోబరుకి తిరిగొచ్చాడు. అప్పటినుంచి బల్ల దగ్గరికి వచ్చేసరికి వాడి చెయ్యి యాక్సిలరేటర్ మీద వదులై, బండి మోత రెప్పపాటు సన్నబడేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. రత్నమ్మకు తెలుసు.

వీడియో రెండు రోజుల్లో లక్షమంది చూశారు. కోటయ్య అన్నం తింటూ ఎడమచేత్తో ఫోను పట్టుకుని కింద జనం రాసినవన్నీ చదివి వినిపించాడు. 'రత్నమ్మకి అన్నీ తెలుసు' అని ఒకరు, 'ఎలక్షన్లకి కూడా ఈమెనే అడగండి' అని ఒకరు. రత్నమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. మర్నాడు పిడుగురాళ్ల సంతలో కూరగాయల మనిషి గుర్తుపట్టి, వద్దన్నా వినకుండా గుప్పెడు పచ్చిమిరపకాయలు సంచిలో వేసింది.

మూడోరోజు కోటయ్య కాటా నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా మంచం మీద కూర్చున్నాడు. ఆయన మామూలుగానే తక్కువ మాట్లాడతాడు.

"ఏందయ్యా?" అంది రత్నమ్మ.

"తేజ టిప్పరేసుకుని కాటా మీదికొచ్చాడు. వెనకాల లైన్లో డ్రైవర్లంతా ఒక్కసారే రేజిచ్చి ఒక్కసారే వదిలేశారు. వదిలి హారన్లు కొట్టారు. రెండ్రోజుల నుంచీ ఇదే ఆటంట."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? చీటీ తీసుకుని పోయాడు. నా మొహం చూళ్లేదు."

రత్నమ్మ ఫోను లాక్కుని వెతికింది. బండి మీదున్న తేజ ఫొటోలో హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి కత్తిరించేసి పెట్టారు ఎవరో. ఆమె గొంతునే పాటలా కట్టి 'రేజ్ వదిలేస్తాడు, రేజ్ వదిలేస్తాడు' అని మోగిస్తున్నారు. ప్రత్యూషకు ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఆ ముక్క తీసెయ్."

"నిన్ననే తీసేశానాంటీ. కానీ అప్పటికే ఎవరెవరో కాపీ చేసుకున్నారు. నాకూ బాధగానే ఉంది. నేను అడక్కుండా ఉండాల్సింది."

"నువ్వు అడిగావు. అన్నది నేను," అని ఫోను పెట్టేసింది.

తేజ ప్రాక్టీసుకు రావడం మానేశాడు. ఒకరోజు, రెండు రోజులు, వారం. రోజూ దోసె మధ్యలో కారం తక్కువ వెయ్యమని, అంచులు మాడేదాకా ఉంచమని అడిగే పిల్లాడు. రత్నమ్మ చెవి వాడి బండి మోత కోసం ఎదురుచూసేది. మిగతా మోతలన్నీ వచ్చేవి.

ఎనిమిదోరోజు పొద్దున ఇంకా రైడర్లెవరూ రాకముందే ఆమె పొయ్యి వెలిగించకుండా ట్రాక్‌లోకి దిగింది. మూడేళ్లలో ఎప్పుడూ దిగలేదు. పని లేదు గనక. బల్ల దగ్గరికి వెళ్లి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, చేతులు నేలకు ఆనించి ఎక్కింది. షెడ్డు దగ్గర నుంచి చూస్తే అది గడ్డివామంత కనపడేది. అంచుకు చేరి నిలబడితే కాళ్ల కింద రెండు నిలువుల లోతు. అవతలి వాలు అసలు కనపడలేదు. చదును చివర దాకా నడిస్తే గానీ అది ఉందని తెలియదు. అంటే బండి మీద వచ్చేవాడికి ఎక్కడ దిగుతాడో కనపడకుండానే ఎగరాలి. రత్నమ్మ అక్కడ కొంచెంసేపు నిలబడింది. దిగేటప్పుడు కూర్చుని జారుతూ దిగింది.

ఆ మధ్యాహ్నం బండి కట్టేసి నడికుడి బస్సెక్కింది.

తేజ వాళ్లది నడికుడిలో రైల్వే క్వార్టరు. అక్క ఇందిర రైల్వే గేటు దగ్గర డ్యూటీ చేస్తుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఇల్లు అడుగుతూ అడుగుతూ వెళ్లి రత్నమ్మ తలుపు కొట్టింది. తీసింది ఇందిరే. ముప్పైమూడు, ముప్పైనాలుగేళ్ల మనిషి. అప్పుడే డ్యూటీ దిగినట్టుంది, నైటీ మీద తువ్వాలు కప్పుకుని తడి జుట్టు ముడేసుకుంటోంది.

"నేను దోసెల రత్నమ్మనమ్మా. పిడుగురాళ్ల క్వారీ దగ్గర."

ఇందిర ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. తిడుతుందని రత్నమ్మ సిద్ధంగానే ఉంది. తిడితే బాగుండుననే వచ్చింది.

"లోపలికి రా పెద్దమ్మా," అంది ఇందిర. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా నేలమీద కూర్చుంది. "నీకు దణ్ణం పెట్టాలి నేను."

రత్నమ్మకు అర్థం కాలేదు.

"ఎంతమందితో చెప్పించానో వాడికి. మానరా అంటే మానలా. నువ్వొక్క మాటన్నావు, బండి తీసి గోనెపట్టాలు కప్పేశాడు." ఇందిర గొంతు తగ్గించింది. "పోయిన మే నెలలో వాడు పడ్డప్పుడు నేను డ్యూటీలో ఉన్నా. గేటేశా. గూడ్సు వస్తంది. ఫోను మోగతానే ఉంది. వాడి ఫ్రెండ్సు చేస్తన్నారని కనపడతానే ఉంది. బండి పోయేదాకా జెండా పట్టుకుని నిలబడాలిగా నేను? యాభై ఎనిమిది వ్యాగన్లు పెద్దమ్మా. లెక్కపెట్టా. ఒక్కో వ్యాగనుకీ వాడు పోయాడు, ఉన్నాడు, పోయాడు, ఉన్నాడు అనుకుంటా నిలబడ్డా. ఇప్పుడు నువ్వొచ్చి మళ్లా రమ్మనబాక."

రత్నమ్మ గ్లాసు కింద పెట్టింది. "రమ్మనటానికి రాలేదమ్మా. వాడితో ఒక మాట చెప్పి పోదామని వచ్చా. అంతే."

ఆ మాట నమ్మాలా వద్దా అన్నట్టు ఇందిర చూస్తుండగానే తేజ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లవాడు, సున్నపు దుమ్ము జుట్టంతా పట్టి ముసలివాడిలా ఉన్నాడు. రత్నమ్మను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని, "బయట కూర్చుందాం పెద్దమ్మా," అన్నాడు.

క్వార్టరు ముందు పిట్టగోడ మీద కూర్చున్నారు. ఎదురుగా స్టేషను యార్డు. ఇందిర తలుపు వెనకాలే ఉందని ఇద్దరికీ తెలుసు.

"ఒరేయ్," అంది రత్నమ్మ, "ఆ మాట నీకు చెప్పాల్సింది. నీకు చెప్పకుండా ఊరందరికీ చెప్పా. అది నా తప్పు. అది చెప్పటానికే వచ్చా."

తేజ జుట్టులో సున్నపు దుమ్ము దులుపుకున్నాడు. "అబద్ధం కాదుగా," అన్నాడు.

"నిజమైతే మాత్రం?"

"అందరూ భుజం బాగయిందా అని అడుగుతారు. బాగయిందంటా. నిజంగానే బాగయింది." కుడిచెయ్యి పైకెత్తి తిప్పి చూపించాడు. "బల్ల కనపడంగానే ఈసారి వదలకూడదు అనుకుంటా. అనుకుంటానే ఉంటా. అప్పటికే వదిలేసి ఉంటా. నేను తియ్యను పెద్దమ్మా. చెయ్యే తీసుద్ది. అది ఎవరికీ కనపడట్లేదనుకున్నా."

రత్నమ్మ పాదం మీది చీర అంచు కొంచెం జరిపింది. చీలమండ నుంచి పిక్క దాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ ఉంది.

"దోసెల కొట్టు పెట్టకముందు పద్దెనిమిదేళ్లు సున్నం బట్టీలో చేశా. గంపెత్తుకుని మెట్లెక్కి, పైనుంచి రాయీ బొగ్గూ పొయ్యాలి. ఒకరోజు అంచున కాలు జారి మోకాలు దాకా లోపలికి పోయింది. మూణ్ణెల్లు మంచంలో ఉన్నా. పుండు మానింది, మళ్లా పనిలోకి పోయా. ఆఖరి మెట్టు దగ్గరికొచ్చేసరికి కాలు ఆగిపోయేది. నాదే కాలు. నా మాట వినదు. గంప బరువై ఆగిందనుకునేది మేస్త్రి. నేనూ అదే చెప్పేదాన్ని. ఇంట్లో మీ పెదనాన్నకి కూడా చెప్పలా."

"మరి ఆ భయం ఎట్టా పోయింది?"

"వెనకవైపు ఇంకో దారుంది. మెట్లు చిన్నయ్యి, చుట్టు ఎక్కువ. ఏడాది దాకా అట్నుంచే ఎక్కా. అందరూ పది గంపలు పోస్తే నేను ఎనిమిది పోసేదాన్ని. తర్వాత ఒకరోజు పక్కమనిషితో దేనిగురించో పోట్లాడుకుంటా మామూలు మెట్లెక్కేశా. పైకి పోయినాక చూసుకున్నా."

తేజ మొదటిసారి నవ్వాడు. వెంటనే ఆపేసి, "నాది కూడా పోద్దంటావా?" అని అడిగాడు.

"నేనెట్టా చెప్తానురా? చెప్పబట్టేగా ఈ గతి పట్టింది. పోతే పోద్ది. పోకపోతే పోదు. నువ్వు రావద్దనీ అనను, రమ్మనీ అనను. మీ అక్కకి మాటిచ్చా." ఆమె లేచి నిలబడింది. "ఒకటి మాత్రం నిజం. ఇయ్యాల పొద్దున ఆ బల్లెక్కి చూశా. అవతల ఏముందో కనపడి చావలేదు. నువ్వు అంతకాలం దాని మీద ఎట్టా ఎగిరావో నాకర్థం కాలా."

తిరుగు బస్సు దాకా తేజ తోడొచ్చాడు. దారిలో దోసెల గురించీ టిప్పరు ఓనరు గురించీ మాట్లాడాడు. బండి ఊసెత్తలేదు.

పోటీకి వారం రోజులుందనగా ఒక పొద్దున రత్నమ్మ చట్నీ గిన్నె మూత తీస్తుంటే తెలిసిన మోత వినపడింది. ఆమె తిరిగి చూడలేదు. చెవి మాత్రం అటే పెట్టింది. మోత బల్ల దగ్గరికి వచ్చింది, సన్నబడింది. కానీ మునుపట్లా తెగి, తడబడి, అదిరిపడిన చప్పుడు కాదు. కావాలని తగ్గించిన చప్పుడు. అప్పుడు తిరిగి చూసింది. తేజ బల్ల మీదికి మామూలు రోడ్డు మీద వెళ్లినట్టు ఎక్కి, చదునంతా నేలమీదే నడిపి, అవతలి వాలు దిగిపోతున్నాడు.

గట్టు మీద ఎవరో రైడర్లు నవ్వారు. అక్కడే నిలబడ్డ చెన్నకేశవరావు వాళ్ల వైపు తిరిగి, "దూకాలని రూలేమన్నా ఉందా? బండి ట్రాక్ దాటకపోతే చాలు," అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

దూకనందుకు రౌండుకు రెండు మూడు సెకన్లు పోతాయి. అవి ఎక్కడో ఒకచోట సంపాదించుకోవాలి. ఆ వారమంతా తేజ మలుపుల్లోనే గడిపాడు. బల్ల దిగగానే ఎడమవైపు తిరిగే మలుపొకటుంది. మిగతావాళ్లు గాల్లోంచి దిగి, వేగం అణుచుకోలేక బయటి అంచు దాకా వెళ్లి తిరుగుతారు. నేలమీదే వచ్చిన తేజకు లోపలి అంచు పట్టుకోవడం సులువైంది. ఇన్నయ్య మాస్టారు రెండు రోజులు బండి పక్కన పెట్టి ఆ మలుపు దగ్గర నిలబడి, చక్రం ఎక్కడ పెట్టాలో కాలితో గీత గీసి చూపించాడు. తాను కూడా అదే పోటీలో ఉన్నానన్న సంగతి ఆయనకు గుర్తున్నట్టు లేదు.

తేజ రోజూ దోసె తిని వెళ్లేవాడు. మళ్లీ కారం తక్కువ, అంచులు మాడేదాకా. ప్రత్యూష ఇంకో వీడియో తీద్దామని వచ్చింది. "లిస్టు మారుస్తారాంటీ?"

"మార్చను. ఆ అయిదుగురే. ఇంకెవరి గురించీ ఇంకో ముక్క చెప్పను," అంది రత్నమ్మ. "దోసె తింటే తిను. ఫోను లోపల పెట్టుకో."

పోటీ ఆదివారం. క్వారీ చుట్టూ రాతి గోడల మీద జనం కాకుల్లా కూర్చున్నారు. ఇరవై నలుగురు రైడర్లు. రెండు రేసులు, రెండింటి పాయింట్లూ కలిపి లెక్క. రత్నమ్మ తెల్లారకముందే రెండు బిందెల పిండి తెచ్చుకుంది గానీ, జనం దోసెల కోసం కంటే ఆమెను చూడటానికే ఎక్కువ వచ్చారు.

మొదటి రేసు ఆమె చెప్పినట్టే నడిచింది. బళ్లను ఆపి ఉంచే స్టార్టింగ్ గేటు కింద పడిన క్షణం నుంచీ నాగార్జున ముందే ఉన్నాడు. తేజ తొమ్మిదోవాడు.

రెండో రేసు మొదలవబోతుండగా చున్నీతో మొహమంతా చుట్టుకున్న మనిషొకతె షెడ్డులోకి వచ్చి, పిండి బిందెల పక్కన ట్రాక్ వైపు వీపు పెట్టి కూర్చుంది. చున్నీ తీసేదాకా రత్నమ్మ పోల్చుకోలేదు.

"ఇందిరా! డ్యూటీ?"

"మార్పించుకున్నా. వాడికి చెప్పబాక." ఆమె చున్నీని ఒళ్లో ముద్దగా చుట్టింది. "నేను చూళ్లేను పెద్దమ్మా. వాడు ఆ దిబ్బ దిగినప్పుడల్లా దిగాడని చెప్పు. ఎన్నో వాడన్నది నాకొద్దు. దిగాడని చెప్పు, చాలు."

రత్నమ్మ పొయ్యి ఆర్పేసింది. ఎదురుగా నిలబడ్డవాళ్లతో దోసెలు అయిపోయాయంది.

గేటు పడింది. ఇరవై నాలుగు బళ్లూ ఒక్కసారే మొదటి మలుపులోకి దూరాయి. దుమ్ములో నలుగురైదుగురు కింద పడ్డారు. దుమ్ము తేలాక చూస్తే వాళ్లలో నాగార్జున ఉన్నాడు. హ్యాండిల్ వంగిపోయింది. లేచి నిలబడ్డాడు, హెల్మెట్ తీశాడు, బండి పక్కకు తోసుకుపోయాడు. జనం రత్నమ్మ వైపు తిరిగి ఏదో అరిచారు. ఆమెకు వినపడలేదు. బల్ల వైపే చూస్తోంది.

"దిగాడు," అంది.

ఇందిర తల ఊపింది. రెండో రౌండు. "దిగాడు." మూడో రౌండు. "దిగాడు." ఇందిర మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఆ మాట కోసమే బతుకుతున్నట్టు కూర్చుంది. ఒక్కొక్కరే తేజను బల్ల మీద గాల్లోంచి దాటిపోతున్నారు, మలుపులో అతను వాళ్లను మళ్లీ పట్టుకుంటున్నాడు. పదో స్థానం. ఎనిమిది. ఏడు. గట్టు మీద జనం కూడా ఆ ఆట కనిపెట్టారు. బల్ల దగ్గర ఉసూరంటున్నారు, మలుపు దగ్గర లేచి నిలబడుతున్నారు.

ఆఖరి రౌండు. తేజకు ముందున్నది మిర్యాలగూడ తమ్ముడు. రత్నమ్మ అయిదుగురిలో ఒకడు. వాడు బల్ల అంచున లేచాడు. అన్ని రౌండ్లలోకీ ఎత్తు లేచాడు. వెనకాల తేజ బండి మోత అంచు దగ్గర ఒక్క క్షణం ఎక్కువ నిలబడింది. ఈసారి దూకుతాడా అని రత్నమ్మ ఊపిరి బిగబట్టింది. మోత సన్నబడింది. చక్రాలు నేల వదల్లేదు. ముందున్నవాడు వాలు దాటి మరీ దూరంగా దిగాడు, బండి ఊగింది, బయటి అంచు దాకా కొట్టుకుపోయాడు. తేజ కిందనుంచి జారినట్టు వచ్చి, మాస్టారు గీసిన చోట చక్రం పెట్టి, లోపలినుంచి దాటేశాడు.

"ఓరి నీ!" అని రత్నమ్మ అరిచింది. క్వారీ అంతా అరిచింది.

"ఏమైంది? పెద్దమ్మా, ఏమైంది?" ఇందిర ఆమె చీర పట్టుకుని లాగుతోంది. మొహం పాలిపోయింది. "చెప్పవేందీ? వాడేడీ?"

"దిగాడమ్మా, దిగాడు! దిగి దాటేశాడు కూడా!"

ఇందిర తిరిగి చూసింది. అప్పటికి తేజ చివరి గీత దాటుతున్నాడు.

ఛాంపియన్ ఎవరో రత్నమ్మకు కోటయ్య వచ్చి చెప్పేదాకా తెలియదు. ఇన్నయ్య మాస్టారు ఒకటి, మిర్యాలగూడ అన్న రెండు. మూడోవాడు ధరణికోట నుంచి వచ్చిన రైతు. ప్రాక్టీసుకు ఒక్కరోజూ రాలేదు, ఆమె చేతి దోసె తినలేదు, ఎవరో కూడా ఆమెకు తెలియదు. జెస్సీ నాలుగు, మిర్యాలగూడ తమ్ముడు అయిదు. రెండు రేసులూ కలిపితే తేజ ఏడు, అంత ఫస్టన్న నాగార్జున ఎనిమిది.

"అయిదుగురిలో నలుగురొచ్చారే," అన్నాడు కోటయ్య, ఆయన నోట అంత పెద్ద మాట అరుదు. "జనం మెచ్చుకుంటన్నారు."

"ఏడోవాణ్ణి చెప్పలేదుగా నేను," అంది రత్నమ్మ పొయ్యి మళ్లీ వెలిగిస్తూ.

తేజ హెల్మెట్ చంకలో పెట్టుకుని షెడ్డులోకి వచ్చి, అక్కను చూసి బిగుసుకుపోయాడు. ఇందిర వాడి మొహం మీద దుమ్ము చున్నీతో తుడిచింది. భుజం నొక్కి చూసింది. రెండో భుజం కూడా నొక్కి చూసింది. తర్వాత ఎడాపెడా తిట్టింది. తిట్లు అయ్యేదాకా వాడు తల వంచుకుని నిలబడ్డాడు.

"ఇరవై నలుగురిలో ఏడు అంటే మంచిదేనా పెద్దమ్మా?" అని అడిగింది ఇందిర, గొంతు మామూలయ్యాక.

"చానా మంచిది."

ముగ్గురికీ దోసెలు వేసింది రత్నమ్మ. తేజ సగం తిన్నాక, ప్లేటు మీదనుంచి తలెత్తకుండా, "వచ్చే ఏడు కూడా వస్తానక్కా," అన్నాడు.

ఇందిర దోసె ముక్క చట్నీలో అద్ది అద్ది అంతా మెత్తబడేదాకా కూర్చుంది. కోటయ్య కూడా తినడం ఆపి చూశాడు.

"ఆ కేశవరావు గారితో చెప్పు," అంది చివరికి. "నాకు డ్యూటీ లేని రోజు చూసి పెట్టమను."